విచ్చుకోని జాకెట్

మా ఫ్యాక్టరీలో మేమంతా వస్తువులు తయారు చేసేవాళ్ళం. తూరున్ ఒక్కతే వాటిని పాడు చేసేది. అదే ఆమె ఉద్యోగం.

మేము తయారు చేసేవి లైఫ్ జాకెట్లు. మా దీవిలోనూ, చుట్టుపక్కల దీవుల్లోనూ చలికాలం కాడ్ చేపల వేటకు వెళ్ళే వాళ్ళలో సగం మంది ఒంటి మీద మా జాకెట్టే ఉండేది. పై అంతస్తులో కుట్టు మిషన్ల హాలు. నేను అక్కడే కుట్టేదాన్ని. కింద, కిటికీలు లేని పెద్ద గదిలో తూరున్ ఉండేది. ఆ గదిలోంచి ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు వచ్చేది. పట్టీలను తెగేదాకా లాగే యంత్రం మూలిగేది. నీళ్ళ తొట్టిలో జాకెట్లు బుస్సుమని విచ్చుకునేవి. మధ్యమధ్యలో తూరున్ నవ్వు వినిపించేది. ఏదైనా విరిగితేనే ఆమె అలా నవ్వేది.

"ఇవాళ ఎవర్ని చంపావ్?" అని అడిగేవాళ్ళం భోజనాల గదిలో.

"ఓ బకిల్‌ని. పాపం, గట్టిగానే పోరాడింది," అనేది రొట్టె మీద జున్ను పరుచుకుంటూ.

తూరున్ తండ్రి మా దీవిలో బస్సు నడిపేవాడు. ఆమె ట్రోండ్‌హైమ్ నగరం వెళ్ళి ఇంజనీరింగ్ చదువుకుని, చమురు బావుల వాళ్ళ దగ్గర చాలాకాలం పనిచేసి, నలభై దాటాక తిరిగొచ్చింది. "పని చేస్తుంది" అన్న మాట ఆమె దగ్గర చెల్లేది కాదు. ఎన్నాళ్ళు చేస్తుంది, ఎవరి చేతిలో చేస్తుంది, ఎలాంటి వానలో చేస్తుంది అని అడిగేది. ఆమె కొనుక్కున్న ఇంటి పైకప్పు కారుతుంటే, ఎందుకు కారుతోందో తేలేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక చలికాలమంతా బకెట్ల మధ్య కాపురం చేసింది. వడ్రంగి విసిగిపోయి, "కప్పు మొత్తం మార్చేస్తా, పీడా పోతుంది," అన్నాడట. "మార్చేస్తే అది ఎందుకు కారిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మళ్ళీ కారుతుంది," అని అతన్ని పంపేసింది. చివరికి పొగగొట్టం పక్కన ఊడిన మేకు ఒకటి దొరికింది. అది దొరికిన రోజు మా అందరికీ వాఫిల్స్ చేసి పెట్టింది.

మా జాకెట్ గురించి కాస్త చెప్పాలి. పాత రకం జాకెట్లు పరుపుల్లా లావుగా ఉండేవి. వేసుకుంటే చేతులు కదలవని జాలర్లు వాటిని పడవలో మూలకి విసిరేసేవాళ్ళు. మాది అలా కాదు. మెడ చుట్టూ కండువాలా పలచగా ఉంటుంది. లోపల మడతపెట్టిన గాలి సంచి, దానికి మరతో బిగించిన చిన్న గ్యాస్ సిలిండర్ ఉంటాయి. నీళ్ళలో పడగానే లోపల ఉన్న ఒక బిళ్ళ కరుగుతుంది. బిళ్ళ కరిగితే స్ప్రింగు వదులుతుంది, స్ప్రింగు సూదిని తోస్తుంది, సూది సిలిండర్ మూతిని పొడుస్తుంది. మనిషి రెండోసారి ఊపిరి పీల్చేలోపు సంచి నిండి అతని తలని పైకెత్తుతుంది. అలా ఎత్తడం తూరున్ వేలసార్లు చూసింది. ప్రభుత్వం వాళ్ళు పెట్టిన పరీక్షలన్నీ మా జాకెట్ నెగ్గింది.

తొంభైల్లో ఒక ఫిబ్రవరిలో మా దీవి జాలరి ఆర్న్‌ఫిన్ పడవ మీంచి అతని తమ్ముడు ఎయ్‌లిఫ్ సముద్రంలో పడిపోయాడు. వల లాగుతుండగా పక్కనుంచి వచ్చిన అల అతన్ని అంచు మీంచి ఊడ్చుకుపోయింది. ఆర్న్‌ఫిన్ పడవని గిర్రున తిప్పుకుని వచ్చాడు. అక్కడ పచ్చటి సంచి తేలుతూ కనబడాలి. నీళ్ళు తప్ప ఏమీ లేవు. మర్నాడు మరో పడవ వాళ్ళకి ఎయ్‌లిఫ్ దొరికాడు. జాకెట్ మెడ చుట్టూ మడత విప్పకుండా అలాగే ఉంది.

విచారణ జరిగింది. కారణం కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. సిలిండర్ రెండు చుట్లు వదులుగా ఉంది. సూది బయటికి వచ్చింది గానీ మూతిదాకా అందలేదు. వాడినవాళ్ళు సరిగ్గా బిగించుకోలేదు అని అధికారులు తేల్చారు. 'వేసుకునే ప్రతిసారీ సిలిండర్ బిగింపు సరిచూసుకోవాలి' అని జాకెట్ లోపల చీటీ ఉంది కదా అని కూడా రాశారు. ఉంది. ఆ చీటీలు కుట్టేది నేనే.

మా యజమాని స్వెర్రె ఆ మాట భోజనాల గదిలో చెప్పినప్పుడు అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎయ్‌లిఫ్ తెలియనివాళ్ళు లేరు మాలో. అయినా తప్పు మనది కాదంటే గుండె మీంచి బరువు దిగినట్టే ఉంటుంది.

"ఎలా వదులైంది?" అంది తూరున్.

"చెప్పారుగా. బిగించుకోలేదు," అన్నాడు స్వెర్రె.

"వదులుగా ఉందన్నది వాళ్ళు చూశారు. బిగించుకోలేదన్నది ఎవరు చూశారు?"

"తూరున్, ఇవాళ వద్దు," అన్నాడు స్వెర్రె నీరసంగా.

అంత్యక్రియలైన వారానికి ఆర్న్‌ఫిన్ వచ్చాడు. సముద్రపు బూట్లతోనే మెట్లెక్కి కుట్టు మిషన్ల మధ్యకి వచ్చి నిలబడ్డాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. స్వెర్రె పరుగున వచ్చి, "రా, కాఫీ తాగుదాం," అని భుజం పట్టుకోబోయాడు. ఆర్న్‌ఫిన్ కదల్లేదు.

"ఆ సిలిండర్ బిగించింది నేను. వాడు కాదు. ఆదివారం వంటింటి బల్ల మీద మా ఇద్దరి జాకెట్లూ పెట్టుకుని నేనే బిగించా. మా అమ్మ ఎదురుగానే కూర్చునుంది. ఇప్పుడు కొట్టుకెళ్తే జనం నన్ను చూసి మాట్లాడ్డం ఆపేస్తున్నారు. తమ్ముణ్ణి నేనే చంపుకున్నానా? చెప్పండి, నేను వింటా."

"నిన్నెవరూ తప్పుపట్టట్లేదు ఆర్న్‌ఫిన్..."

"విచారణ కాగితం తప్పుపట్టింది."

అప్పుడు వెనకనుంచి తూరున్ గొంతు వినిపించింది. ఎప్పుడు పైకొచ్చిందో తెలీదు. "ఎంత గట్టిగా బిగించావ్?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషిని అడిగే మాటా అది? ఆమె మాత్రం నా బల్ల మీదున్న కొత్త జాకెట్ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ఆదివారం ఎలా బిగించావో అలాగే బిగించు."

అతను బిగించాడు. ఆమె తీసుకుని విప్పబోయింది. మొహం ఎర్రబడేదాకా తిప్పినా రాలేదు. చివరికి పట్టకారు పెట్టి విప్పింది.

"ఇలా బిగిస్తే రెండు చుట్లు దానంతట అది వదులవదు," అంది.

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అలా అన్లేదు. ఎలా వదులైందో నాకు తెలీదు అంటున్నా. తెలిశాక ముందు నీకే చెప్తా."

ఆర్న్‌ఫిన్ తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి తూరున్‌కి వేరే లోకం లేదు. ముందు చలి మీద అనుమానపడింది. ఇంట్లో వెచ్చదనం, బయట మంచు, మళ్ళీ వెచ్చదనం. లోహం కుంచించుకోవడం, సాగడం వల్ల మర వదులవుతూ ఉండొచ్చని సమావేశంలో గట్టిగానే చెప్పింది. చేపల ఫ్యాక్టరీ వాళ్ళ చలిగది అడిగి తీసుకుని జాకెట్లని గడ్డకట్టించింది, కరిగించింది, మళ్ళీ గడ్డకట్టించింది. వారాలు గడిచాయి. ఒక్క సిలిండరూ వెంట్రుకవాసి కదల్లేదు.

"నేను చెప్పింది తప్పు. చలి కాదు," అని అదే సమావేశంలో నిలబడి చెప్పింది.

"మరి వదిలేద్దామా ఇంక?" అన్నాడు స్వెర్రె.

"ఎందుకు వదిలేస్తాం? ఒక కారణం కొట్టేశాం, అంతేగా."

తర్వాత పడవ ఇంజన్ అదురు మీద పడింది. అదిరే బల్ల మీద జాకెట్లు వేలాడదీసి పగలంతా అదిరించింది. మా హాలు నేల కూడా గజగజలాడేది, సూదుల్లో దారం ఎక్కించలేకపోయేవాళ్ళం. అప్పుడూ ఏమీ వదులవలేదు. ఫ్యాక్టరీలో గుసగుసలు మొదలయ్యాయి. ఆర్న్‌ఫిన్ మీద జాలితో ఆమె లేని తప్పు వెతుకుతోందని కొందరు, ఒంటరి ఆడదానికి పొద్దుపోక అని ఇంకొందరు అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం నా రొట్టె తీసుకుని కిందికెళ్ళాను. చుట్టూ జాకెట్లు పరుచుకుని నేల మీద కూర్చునుంది.

"ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు ఇవి," అంది.

"శుభ్రంగా ఉంటే తప్పేంటే?"

"వీటిల్లో ఒక్కటైనా చేపని చూసిందా? ఒక్కటైనా చెమట పట్టిందా? నేనిన్నాళ్ళూ పెళ్ళిబట్టల్ని పరీక్ష చేస్తున్నా. చిరిగేవి పనిబట్టలు కదా!"

ఆ సాయంత్రమే చేపలు దించే రేవు దగ్గర గోడకి ఒక ప్రకటన అంటించింది. పాత జాకెట్ ఉన్నది ఉన్నట్టు తెండి, కొత్తది పట్టుకెళ్ళండి, కడగొద్దు, బిగించొద్దు అని దానిమీద రాసింది. మర్నాడు స్వెర్రె మొహం కందగడ్డ చేసుకుని దిగాడు.

"ఫ్యాక్టరీని దానధర్మాలు చేసేస్తున్నావా?"

"ఏటా పరీక్షకని నాకిచ్చే జాకెట్లే అవి. నీళ్ళలో ముంచి పాడు చేసే బదులు ఇచ్చేస్తున్నా."

"నన్నొక్క మాట అడగాలి కదా!"

"అడిగితే వద్దనేవాడివి. వద్దన్నాక చేస్తే బాగోదు," అంది తూరున్ నిదానంగా.

స్వెర్రె బుర్ర గోక్కుని వెళ్ళిపోయాడు. జాలర్లు మాత్రం సంబరంగా తెచ్చారు. కింది గదంతా కుళ్ళిన చేపల కంపు కొట్టింది. తూరున్ తెచ్చినవాణ్ణల్లా నిలబెట్టి, ఏ పడవ, ఏం పని చేస్తావ్, ఎటువైపు నిలబడతావ్ అని పోలీసులా అడిగేది. తర్వాత సిలిండర్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసేది.

ప్రతి ఐదింటిలో ఒకటి వేళ్ళతోనే తిరిగింది.

ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు. "ఇన్ని పడవల్లో ఇంతమంది ఒకేసారి మతిమరుపువాళ్ళు అయిపోయారా?" అంది. ఇంకో సంగతి కూడా తేలింది. వదులైనవన్నీ వల పడవలవాళ్ళవే. గేలాల పడవలవాళ్ళ జాకెట్లు ఎంత మురికిగా ఉన్నా బిగింపు చెక్కుచెదరలేదు. సముద్రం ఒకటే, చలి ఒకటే, ఇంజన్లూ ఒకటే. తేడా అంతా చేసే పనిలోనే ఉంది.

మార్చి చివర్లో ఆమె ఆర్న్‌ఫిన్ ఇంటికెళ్ళి, తననీ పడవలో తీసుకెళ్ళమని అడిగింది.

"వాంతులు చేసుకుంటావ్," అన్నాడు అతను.

"చేసుకుంటా. ఎయ్‌లిఫ్ నిలబడే చోట నన్ను నిలబెట్టు చాలు."

ఆర్న్‌ఫిన్ మొహం బిగుసుకుపోయిందట. వాళ్ళమ్మ కుర్చీలోంచే, "తీసుకెళ్ళరా. అడిగేది ఆ పిల్ల ఒక్కతేగా," అందట. అప్పుడు ఒప్పుకున్నాడు.

వెళ్ళేముందు తూరున్ నా దగ్గర గోళ్ళరంగు అడిగింది. ఎర్రది. నలభై ఏడేళ్ళలో ఆమె గోళ్ళకి రంగు వేయగా చూసినవాళ్ళు లేరు. సిలిండరూ, దాన్ని బిగించే మర గూడూ కలిసే చోట రెండిటి మీదుగా ఒక గీత గీసింది. సిలిండర్ ఏ కాస్త తిరిగినా గీత విడిపోతుంది. తన జాకెట్‌కీ, ఆర్న్‌ఫిన్ జాకెట్‌కీ అలాగే గీసింది.

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ వేర్వేరుగా నాకు చెప్పారు. ఇద్దరి మాటా ఒక్కటే.

తెల్లారి వలలు ఎత్తడం మొదలుపెట్టారు. తూరున్ మొదటి గంటలోనే పొట్టలో ఉన్నదంతా కక్కేసింది. తర్వాత మూతి తుడుచుకుని పనిలో నిలబడింది. వల చక్రం మీంచి వస్తుంటే వంగి చేపని పట్టుకోవాలి, వలలోంచి విడిపించాలి, నడుము తిప్పి పక్కనున్న తొట్టిలో వేయాలి, మళ్ళీ వంగాలి. రోజంతా అదే పని, అదే వైపు. మధ్యాహ్నం కాఫీకి ఆగినప్పుడు జాకెట్ పైగుడ్డ తీసి చూసింది. తన గీత కొంచెం విడింది. ఆర్న్‌ఫిన్‌ది వేలెడు పక్కకి జరిగింది.

"మళ్ళీ ఓసారి చెయ్యి. మెల్లిగా," అంది.

అతను వంగాడు.

"ఆగు. అలాగే ఉండు. ఇప్పుడు తిరుగు. ఇంకా మెల్లిగా."

అప్పుడు కనిపించింది. కింద వేసుకున్న దళసరి రబ్బరు కోటు వంగినప్పుడు ఛాతీ దగ్గర మడతపడుతోంది. అతను తొట్టివైపు తిరిగినప్పుడు ఆ మడత పైగుడ్డ మీంచే సిలిండర్ని ఒరుసుకుంటూ తనతోపాటు తిప్పుతోంది. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం మడత విడిపోయి సిలిండర్ని తాకట్లేదు. అంటే అది ఎప్పుడూ ఒక్కవైపే తిరుగుతోంది, వదులయ్యే వైపు. ఒక్కో చేపకి కంటికి కనబడనంత. కానీ వలలో చేపలు ఎన్ని ఉంటాయి!

ఆర్న్‌ఫిన్ చేపల తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

"అయితే నేను బిగించాను," అన్నాడు.

"బిగించావ్."

"ఆదివారం బిగించా. వాడు పోయింది గురువారం. నాలుగు రోజులకే ఊడిపోతుందా?"

తూరున్ వల వైపు చూసింది. "ఎయ్‌లిఫ్ బాగా చురుగ్గా చేసేవాడు కదూ?" అంది.

"వాడిలా వల దులిపేవాడు ఈ తీరంలోనే లేడు," అన్నాడు ఆర్న్‌ఫిన్. అంటూనే అర్థమైంది అతనికి. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పడవలో ఉన్న మూడో మనిషి ఇంజన్ ఆపేసి అవతలివైపు తిరిగి నిలబడ్డాడు.

ఆర్న్‌ఫిన్ తలెత్తాడు. "ప్రతిసారీ చూసుకోమని చీటీ మీద రాసుంది తూరున్. నేను ప్రతిసారీ చూడలేదు."

"ఎవరూ చూడరు. చలిలో చేతులకి గ్లవ్స్ వేసుకుని, నిద్రమొహంతో ఎవడు చూస్తాడు? చూడరని తెలిసే చీటీ కుట్టి చేతులు దులుపుకున్నాం మేము."

"ఈ మాట ముందే కనుక్కుని ఉండాల్సింది మీరు," అన్నాడు అతను కోపంగా.

"అవును," అంది తూరున్.

దీవికి తిరిగి వచ్చాక ఆమె పని ఇంకా పెరిగింది. ఒక పడవలో రెండు గీతలు విడిపోయాయని చెబితే స్వెర్రె నమ్మడని ఆమెకి తెలుసు. నమ్మకపోవడమే సరైనదని కూడా అంది. మా హాల్లో మూలన పడున్న పాత కుట్టుమిషన్ మోటారు అడిగింది, నేను ఊడదీసి ఇచ్చాను. చెక్కతో మొండెం చేసి, దానికి రబ్బరు కోటు తొడిగి, మీద జాకెట్ వేసి, మోటారుతో అది వంగేలా, నడుము తిప్పేలా ఏర్పాటు చేసింది. పైవాళ్ళం దానికి 'కాప్టెన్' అని పేరు పెట్టాం. కాప్టెన్ పొద్దున్నుంచీ సాయంత్రందాకా చర్చిలో దండాలు పెట్టేవాడిలా వంగి లేస్తుంటే నవ్వొచ్చేది. అతని సిలిండర్లు మాత్రం వరసపెట్టి వదులయ్యాయి. రబ్బరు కోటు తీసేస్తే ఒక్కటీ వదులవలేదు. తొట్టి రెండోవైపు ఉన్నట్టుగా తిప్పితే ఇంకా బిగుసుకున్నాయి.

ఆమె స్వెర్రెని పిలిచి అంతా చెప్పింది. అమ్మిన జాకెట్లన్నీ వెనక్కి పిలిపించాలి అంది.

స్వెర్రె చెడ్డమనిషి కాదు. నలభైమందికి జీతాలిచ్చే మనిషి, అంతే. "వెనక్కి పిలిస్తే ఈ ఫ్యాక్టరీ ఉండదు. తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు."

"చీటీ అక్షరాలు పెద్దవి చేద్దాం. ఎర్రరంగులో వేద్దాం. జాలర్ల సంఘానికి కబురు చేద్దాం."

"స్వెర్రె, నువ్వు ఇంట్లో స్టవ్ కట్టేశావో లేదో రోజూ చూసుకుంటావా?"

"చూసుకుంటా."

"నిన్న చూశావా?"

స్వెర్రె బుర్ర గోక్కున్నాడు.

"మనిషి మర్చిపోయినా పనిచేసేదే జాకెట్. గుర్తుంటేనే పనిచేసేది ఇంకేదైనా అనుకో, జాకెట్ మాత్రం కాదు. ఇక కొత్త సరుకు మీద నేను సంతకం పెట్టను."

తూరున్ సంతకం లేకుండా ఒక్క పెట్టె గేటు దాటడానికి వీల్లేదు. పెట్టెలు గోడౌన్లో పేరుకున్నాయి. తర్వాత వసారాలోకి వచ్చాయి. కత్తిరింపు బల్ల దగ్గర పనిచేసే మాగ్న్‌హిల్డ్ భోజనాల గదిలో అందరి ముందూ లేచి నిలబడింది.

"నీకేమమ్మా, పెద్ద చదువుంది. ఎక్కడికెళ్ళినా పిలిచి ఉద్యోగమిస్తారు. మేమెక్కడికెళ్ళాలి?"

"నిజమే. నాకు దొరుకుతుంది, మీకు దొరక్కపోవచ్చు," అంది తూరున్.

"తెలిసే చేస్తున్నావా అయితే?"

"మీ ఆయన వల పడవలోనే కదా మాగ్న్‌హిల్డ్ వెళ్ళేది? రేపు పొద్దున అతని జాకెట్ పట్టుకురా. సిలిండర్ని నువ్వే తిప్పు. బిగుతుగా ఉంటే నాకు కనబడే మొదటి పెట్టె మీద సంతకం పెట్టేస్తా."

మాగ్న్‌హిల్డ్ తెచ్చింది. మా అందరి ముందూ తిప్పింది. అది తిరిగింది. ఆమె జాకెట్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత మాలో ఎవరూ తూరున్‌ని ఏమీ అనలేదు. అలాగని ఆమె పక్కన కూర్చున్నవాళ్ళూ ఎక్కువమంది లేరు. భయం భయమే కదా.

కొన్ని రోజులకి స్వెర్రె ఒక్కడే కింది గదికి వెళ్ళాడు. వెళ్ళి కోటు విప్పి, చొక్కా చేతులు మడిచాడు. "నేను బిగిస్తా," అన్నాడు. కుర్రతనంలో అతనూ చేపలవేటకి వెళ్ళినవాడే, చేతుల్లో ఇంకా ఆ బలం ఉంది. మెడ నరాలు తేలేలా బిగించి, కాప్టెన్‌కి జాకెట్ తనే తొడిగాడు. గది తలుపు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని, మర్నాడు భోజనాల వేళకి వచ్చి తీశాడు. తూరున్ బయటే నిలబడింది, లోపలికి రాలేదు. కాసేపటికి మోటారు చప్పుడు ఆగింది. స్వెర్రె బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"ఎయ్‌లిఫ్ పెళ్ళిలో నేను వాడితో కలిసి పాడాను," అన్నాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "రేడియోవాళ్ళకి ఫోన్ చెయ్యి. చేపల వార్తల ముందు చదవమను. అన్నీ వెనక్కి పంపమని చెప్పు," అన్నాడు.

ఆ వేసవి, ఆ తర్వాతి చలికాలం మాకు గడ్డుకాలం. సగంమందిని పనిలోంచి తీసేశారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే పనికి కుదిరాను. చేతులు పగిలి, రాత్రిళ్ళు మంటకి దుప్పటి తగలనిచ్చేదాన్ని కాదు. ఆ మంటలో తూరున్‌ని తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. అధికారులు పాత తీర్పు మార్చి, తప్పు వాడినవాళ్ళది కాదు, వస్తువుది అని రాశారు. ఆర్న్‌ఫిన్ ఆ కాగితాన్ని ఎవరికీ చూపించలేదు. కానీ మళ్ళీ కొట్టులో నిలబడి నలుగురితో మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

తూరున్ ఈలోగా సిలిండర్ తిరక్కుండా పట్టుకునే కొక్కెం ఒకటి తయారు చేసింది. కాప్టెన్ దాన్ని ఏమీ చేయలేకపోయాడు. స్వెర్రె సంబరపడి అచ్చులు పోయించబోయాడు. ఆమె ఆపింది. చలిగదిలో పెట్టి సుత్తితో కొట్టింది. కొక్కెం బిస్కెట్టులా విరిగింది. స్వెర్రె కుర్చీలో కూలబడి, "ఇంకెన్ని రకాలుగా విరగ్గొడతావ్ నువ్వు?" అన్నాడు.

"సముద్రం ఎన్ని రకాలుగా విరగ్గొడుతుందో అన్ని."

రెండో కొక్కెం సాగే లోహంతో చేసింది. పైగుడ్డలో చిన్న కిటికీ పెట్టించింది. సిలిండర్ సరిగ్గా ఉంటే అందులో పచ్చగా కనబడుతుంది, వదులైతే ఎర్రగా. వేసుకున్నవాడికి కాదు, పక్కవాడికి కనబడేలా పెట్టించింది. "ఎవరి జాకెట్ వాళ్ళు చూసుకోరు. ఎదుటివాడిది మాత్రం చూస్తారు. చూసి ఎగతాళి చేస్తారు. అది చాలు," అంది. ఆ జాకెట్లని ముందు ఆర్న్‌ఫిన్ పడవవాళ్ళకీ, మరికొన్ని వల పడవలవాళ్ళకీ ఇచ్చి ఒక వేటకాలమంతా వాడించింది. కాలం ముగిశాక ప్రతి ఒక్కదాన్నీ తన వేళ్ళతో తిప్పి చూసింది. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు.

మమ్మల్ని మళ్ళీ పనిలోకి పిలిచారు. అందర్నీ కాదు, చాలామందిని. కొన్నేళ్ళకి, జాలర్లు వాడిన జాకెట్లని పరీక్షించాకే ఏ కంపెనీ అయినా కొత్తవి అమ్మాలన్న నియమం తీరమంతటికీ వచ్చింది. దానికోసం తూరున్ ఓస్లోకి ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. వెళ్ళిన ప్రతిసారీ ఓ వదులైన సిలిండర్ బల్ల మీద పెట్టి, "మీరే తిప్పి చూడండి," అనేదట.

ఒక ఏప్రిల్‌లో పక్క దీవినుంచి ఒకాయన వచ్చాడు. భారీ మనిషి, మెడకి ఎర్రగా ఒరుసుకుపోయిన గుర్తు. విచ్చుకున్న జాకెట్‌ని తెచ్చి మా బల్ల మీద పడేశాడు.

"ఎవరు తయారు చేశారిది? నీళ్ళలో పడ్డా, బుస్సుమంది, బాగానే ఉంది. కానీ మెడ కోసేసింది! నన్ను పైకి లాగేలోపు ఉరి పోసుకున్నట్టయింది. ఇదేం కుట్టు?"

"నీళ్ళలో ఎంతసేపున్నావ్?" అని అడిగాను.

"ఏమో. మావాళ్ళు తిప్పుకొచ్చేదాకా. అది కాదు నేనడిగేది, ఈ మెడ సంగతేంటని!"

తూరున్‌ని పిలిచాను. ఆమె మెట్లెక్కి వచ్చి అతన్ని పైనుంచి కిందికి చూసింది. తడి బూట్లనీ, ఎర్రబడ్డ మెడనీ, కోపంతో ఊగుతున్న మీసాలనీ చూసింది. కళ్ళు చెమర్చినట్టనిపించింది నాకు, నిజంగా చెమర్చాయో లేదో తెలీదు. వెంటనే కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టి మెడ దగ్గరికి వంగింది.

"ఎక్కడ కోసింది, ఎడమవైపా? తల వెనక్కి వాల్చినప్పుడా, మామూలుగా ఉన్నప్పుడా?" అంది. "కదలకు. సరిగ్గా చూడనీ."